ఆశన్న చేతిలో సున్న

ఆశన్న చేతిలో సున్న నిలవదని అతని ఎనిమిదో ఏటనే ఊరికి తెలిసిపోయింది. గంగ అని రాయమంటే గగ అని రాసేవాడు. ఎండ అంటే ఎడ. అనంతయ్య సారు ఒక చేత్తో పలక తీసుకుని, రెండో చేత్తో చెవి అందుకుని, "సున్న యాడ పోయిందిరా? పొద్దున జొన్న గటకల నంజుకొని వచ్చినవా?" అనేవాడు. తోటి పిల్లలు మొదట సున్న లేని ఆశన్న అన్నారు. పలకడానికి పొడుగైందని సున్నన్న చేశారు. ఏడో తరగతితో అతను బడిని విడిచిపెట్టినా ఆ పేరు అతన్ని విడిచిపెట్టలేదు. యాభై రెండేళ్ళ వయసులో, పెబ్బేరు సంతకు ఎద్దులు తోలుకొచ్చేవాళ్ళు కూడా బండి కీలలు చెడితే "సున్నన్న కొట్టం యాడ?" అని అడుగుతూ వచ్చేవాళ్ళు.

కొట్టమంటే ఇంటి పక్కన ఉన్న పశువుల కొట్టమే. అందులో సగం ఎద్దులది, సగం ఆశన్నది. ఎద్దుల వైపు మేత వేసే గాటిపాడు, ఇతని వైపు ఇనుము కొట్టే దాగలి, వెల్డింగు మిషను, గోడకు ఆనించిన రేకులు. నాలుగెకరాల చెలక వాన పడితే పండేది, లేకుంటే లేదు. ఇనుము అట్లా కాదు. ఏ కాలంలో కాల్చినా వంగుతుంది. అందుకే అతనికి దాని మీద నమ్మకం.

ముప్పై ఏళ్ళు ఉలి మీద సుత్తి వేసీ వేసీ కుడి భుజం పట్టేసింది. వనపర్తి దవాఖానలో డాక్టరు ఎముకల ఫొటోను వెలుగుకు పెట్టి చూసి, "సుత్తి ముట్టకు. ముట్టినవంటే ఎడమ చేత్తో బువ్వ తినుడు నేర్చుకోవాలె" అన్నాడు. ఆశన్న ఇంటికొచ్చి మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మామూలు రోజుల్లోనూ అతను మాట్లాడేది తక్కువే కాబట్టి, ఆ తేడా భార్య జమ్ములమ్మ ఒక్కదానికే తెలిసింది. ఆమె హైదరాబాదులో ఉన్న తమ్ముడు నాగేశ్‌కు ఫోను చేసింది.

నాగేశ్ బాలానగర్‌లో ఇనుప సామాను చేసే షెడ్డులో పనివాడు. సేటు పెద్ద మిషను కొని, చిన్నది ఇతనికి ఇచ్చేశాడు. రెండువేల ఎనిమిది వానాకాలంలో నాగేశ్ దాన్ని బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాడు. బియ్యం డబ్బా అంత ఉంది. దానికి ఒక పైపు, పైపు కొసకు పిడి, పిడికి రాగి మూతి. వెనకనే ఆటోలో, దానికి గాలి పంపే గాలిపెట్టె కూడా వచ్చింది.

"ఇది ప్లాస్మా కట్టర్ బావా. గాలిని కరెంటుతోటి నిప్పు చేస్తది. సుత్తి లేదు, ఉలి లేదు. సుద్దతో గీసుకో, గీత మీద నడిపియ్యి. నెల రోజులు పెట్టుకో. చేతికి ఒదిగితే నీదే."

"ఒదగకపోతే?"

"పట్టుకపోత. నువ్వు హాయిగ కూసో."

జమ్ములమ్మ మధ్యలో అందుకుంది. "కూసుంటే ఈ మనిషి మిగుల్తడా? ఒదగకపోతే కొట్టం ఖాళీ చేపిస్త. రెండు బర్లను కట్టుకుంట. అవి నయం, పిలిస్తే పల్కుతయి."

నాగేశ్ నవ్వాడు. ఆశన్న కూడా మీసం కింద నవ్వాడు. కానీ మాట మాత్రం లోపల పాతుకుంది. నెల తిరిగేలోగా ఈ డబ్బా చేతికి రాకపోతే దాగలిని పాత ఇనుముకు వేసి, కొట్టానికి తాళం పెట్టడమే.

మొదటి వారం మిషనే గెలిచింది. రాగి మూతిని రేకుకు ఆనించి మీట నొక్కితే నీలిమంట చర్రుమని లేచేది. జానెడు కోసి, ఆ తర్వాత ముసలోడు దగ్గినట్టు ఉమ్మేది. ఫోనులో నాగేశ్, "గాలిల నీళ్ళున్నయి బావా. వానాకాలం గద. పెట్టె అడుగున మర ఉంటది, విప్పి దింపు" అన్నాడు. ఆ పని జమ్ములమ్మ తీసుకుంది. పొద్దున్నే గిన్నె పట్టుకుని పెట్టె కింద కూర్చుని మర తిప్పేది. "నా సవతి ఇయ్యాల పావుశేరు ఇచ్చింది" అని గిన్నె ఎత్తి చూపేది. ఇంకో చిక్కు కరెంటు. పొలాల మోటర్లకు త్రీఫేజు వచ్చిందంటే ఇంట్లో బల్బు మిణుగురు పురుగయ్యేది, మిషను ఎర్రదీపం వేసి మొండికేసేది. మోటర్లు ఆగాకే కోత.

ఈ రెండూ తెలిశాక మిషను మాట విన్నది. గీత మీద చెయ్యి నడిపితే రేకు దోసకాయ తెగినట్టు తెగింది. భుజం ఊసే లేదు. ఆ మధ్యాహ్నం ఆశన్న ఈల వేశాడు. జమ్ములమ్మ విననట్టే ఊరుకుంది. విన్నదని తెలిస్తే మానేస్తాడు.

రెండో వారంలో అనంతయ్య సారు వచ్చాడు. డెబ్బై అయిదు దాటిన మనిషి, చేతికర్ర తాటించుకుంటూ వచ్చి కొట్టం ముందు నిలబడ్డాడు.

"ఆశన్ననేనా? కాలిన ఇనుము వాసనొచ్చింది, ఆగిన."

"నేనే సార్. కూసోండి." ఆశన్న ముక్కాలిపీట తుడిచి వేశాడు.

"నాకొక గేటు కావాలెరా. రోడ్డు వెడల్పు చేసి ముందటి గోడ తీసేసిండ్రు గద. కొత్త గోడ కట్టించిన. గేటు మీద నా పేరుండాలె."

"రాపిస్త సార్. సంత కాడ మంచి పెయింటరున్నడు."

"పెయింటు నాకేం పనికొస్తదిరా? రెండు కండ్లల్ల కలిపి ఒక మాపటేళ మిగిలింది. మా గల్లీల గేట్లన్నీ ఒక్క తీరుగనే ఉన్నయి. మొన్న చాయ్ తాగి వచ్చి పక్కింటి రూతమ్మ ఇంట్లకు పోయి కాళ్ళు కడుక్కున్న. ఆమె చెంబిచ్చింది, తువ్వాల ఇచ్చింది, బువ్వ పెట్టాల్నా సార్ అన్నది. అప్పుడు తెల్సింది."

జమ్ములమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"నవ్వు బిడ్డా, నవ్వు. మా కోడలే నవ్వుతలేదు. ఇగ ఒక్కనివి బయటికి పోకు, చాయ్ ఇంట్లనే పెట్టిస్త అంటుంది. ఇంట్ల ఒక్కన్ని తాగితే అది చాయ్ కాదు, దవాఖాన మందు." సారు కర్రను ఒళ్ళో అడ్డం పెట్టుకున్నాడు. "అందుకే, పేరు కొయ్యాలె. రేకుల వేలు దూరి నడవాలె. తడుముకుంట పోతే నా ఇల్లని నాకు తెల్వాలె. నీకు ఇసుకల దిద్దిపిచ్చిన గదా, గట్ల."

ఆశన్న తల ఊపాడు. సారుకు తల ఊపడం కనిపించదని గుర్తొచ్చి, "అయితది సార్" అన్నాడు.

సారు వాకిలి దాటి మళ్ళీ ఆగాడు. "ఆశన్నా. సున్న మర్వకు."

ఆశన్న సున్న మరవలేదు. సుద్దతో రేకు మీద పేరును బాలశిక్షలో ఉన్నంత గుండ్రంగా రాశాడు. ఒక్కో గీతను వేలు పట్టేంత వెడల్పు చేసి, రెండు అంచులూ గీశాడు. ఆ అంచుల వెంట కోస్తే మధ్యలో ముక్క ఊడి, వేలు నడిచే సందు మిగులుతుంది. అ వచ్చింది. న వచ్చింది. తర్వాత సున్న. లోపలి గుండ్రం కోశాడు. కోత మొదలుపెట్టిన చోటికి వచ్చి కలవగానే బిళ్ళ టంగుమని కింద పడింది. బయటి గుండ్రం కోశాడు. గాజులాంటి ముక్క కూడా దాని మీదే పడింది. రేకులో మిగిలింది అరచెయ్యంత రంధ్రం.

ఆశన్న నల్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని చూశాడు. ఇంకో రేకు తీసి మళ్ళీ కోశాడు. మళ్ళీ టంగుమంది.

సారు పేరులో మిగతా అక్షరాలతో పేచీ లేదు. వాటి మెలికలు మూసుకోకముందే చెయ్యి పక్కకు తిప్పుకోవచ్చు. సున్న ఒక్కటే బయలుదేరిన చోటికే వచ్చి చేరాలి. చేరిందంటే లోపలిది రాలాలి. పడిన బిళ్ళను మధ్యలో పెట్టి రెండు చుక్కలు వెల్డింగు వేసి చూశాడు. పలచని రేకు కాలి కమురుకుని, వేలు పెడితే కోసుకునేంత గరుకైంది. ఫోను చేస్తే నాగేశ్, "బొక్కయితే ఏంది బావా? గుండ్రంగనే ఉన్నది గద. సున్ననే అనుకుంటడు" అన్నాడు.

"అనుకోడు" అని ఆశన్న ఫోను పెట్టేశాడు.

అనుకోడని అతనికి ఇసుక నాడే తెలుసు. ఒకసారి దెబ్బలకు భయపడి సున్నకు బదులు వేలు పొడిచి గుంత పెట్టాడు. సారు అతని వేలు పట్టుకుని ఆ గుంతను పూడ్చాడు. "ఇది చుక్కరా. సున్నకు కడుపుండాలె, కడుపుల చోటుండాలె" అంటూ చుట్టూ ఒక్క చుట్టు తిప్పించాడు. ఆ చుట్టు ఇప్పటికీ చూపుడువేలి కొసలో ఉంది. దాన్ని రేకులో నిలపడమే చేతకావడం లేదు.

వారం గడిచేసరికి తుక్కు రేకుల మీద కోసి చూసిన బిళ్ళలతో పాత నూనె డబ్బా నిండింది. జమ్ములమ్మ వాటిలో ఒకటి తీసి పచ్చడి జాడీ మూత మీద బరువు పెట్టుకుంది. ఇంకొకటి కుంటుతున్న మంచం కోడు కింద దోపింది. "ఎట్లనన్న రాలనీ. ఇంట్ల పనికొస్తున్నయి" అంది. ఆశన్న నవ్వలేదు. నాలుగు రోజుల్లో నాగేశ్ వస్తాడు.

ఆ పొద్దున అతను మిషను ముందు కూర్చుని చాలాసేపు రాగి మూతిని బట్టతో తుడిచాడు. చివరికి, "మీ తమ్మునికి చెప్పు. పట్టుకపొమ్మను" అన్నాడు. "సున్న కూడా కొయ్యరానోనికి ఇది దేనికి?"

జమ్ములమ్మ లేచి వాకిట్లోకి పోయింది. మబ్బు విడిచి ఎండ పొడిచిందని గోనెసంచులు పరిచి, తేమ పట్టిన జొన్నలు బోర్లించింది. కాలితో నెరపుతూ నెరపుతూ ఒకచోట ఆగింది. కాలి బొటనవేలితో జొన్నలు పక్కకు జరిపింది.

"ఏమయ్యా. జర ఇటు రా."

"ఏందే?"

"రారాదు. నీ గాజు ఈడ ఉన్నది."

జమ్ములమ్మకు చదువు రాదు. వారం నుంచి సున్న సున్న అని అతను గొణుగుతుంటే, పడిన ముక్కల్ని చూసి ఆమె దానికి గాజు అని పేరు పెట్టుకుంది. ఆశన్న వచ్చి వంగి చూశాడు. గోనె మీద నల్లరంగుతో 'సహకార సంఘం' అని అచ్చు. రేకులో అక్షరాలు కోసి, సంచి మీద పెట్టి, కుంచెతో రంగు పూస్తారు.

"సంఘం అని రాసింది. అయితే ఏంది?"

"ఏం రాసిండ్రో నాకేం తెల్సు. గాజును సూడు. తెగి ఉన్నది. పైన జరంత, కింద జరంత. పక్కన ఇంకోటున్నది, అది గూడ గట్లనే."

ఆశన్న మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఎన్నేళ్ళుగా ఈ సంచులు మోశాడో. ఎప్పుడు చూసినా సంఘం అనే చదివాడు. సున్నలు రెండూ నిండుగా ఉన్నాయనే అనుకున్నాడు. ఇప్పుడు చూస్తే ఒక్కో సున్నా ఎదురెదురుగా పెట్టిన రెండు కొడవళ్ళు. వాటి మధ్య పైనా కిందా వేలి గోరంత రంగు లేదు. అచ్చురేకులో అక్కడ ఇనుమును కోయకుండా విడిచిపెట్టారు. ఆ విడిచిన ఇనుమే లోపలి బిళ్ళను పట్టుకుని ఉంది.

"నీకెట్ల కనబడ్డది?" అన్నాడు.

"సదువొచ్చినోళ్ళకు పేరు కనబడ్తది. నాకు గీతలే కనబడ్తయి."

అతను లేచి కొట్టంలోకి పోయాడు. త్రీఫేజు ఇంకా రాలేదు. తుక్కు రేకు ముక్క మీద ఒక కొడవలి కోశాడు. దానికెదురుగా ఇంకో కొడవలి. టంగుమంటుందని చెవి అలవాటుగా ఆగింది. మంట ఆరిపోయింది. రేకు చల్లబడుతూ చిటచిటలాడింది. బిళ్ళ ఉన్నచోటే ఉంది.

లోపలి అంచుల్ని ఆకురాయితో గీరాడు. జమ్ములమ్మ పాత చీర కొంగును ఆ సందులో దూర్చి లాగింది. రెండుచోట్ల పోగు తట్టుకుంది. అక్కడ మళ్ళీ గీరాడు. మూడోసారి కొంగు జారిపోయింది.

అయినా ఆశన్న ముఖంలో చిక్కు పోలేదు. "తెగిన సున్నను సారు ఒప్పుకుంటడా? వేలు మధ్యల ఆగిపోతది గదా."

"నాకేం తెల్సు?"

"నీకే తెల్సు. కండ్లు మూసుకో."

"ఏందయ్యా ఈ ముసలితనంల?"

"మూసుకోమంటున్న గద."

ఆమె మూసుకుంది. అతను ఆమె చూపుడువేలు పట్టుకున్నాడు. పెళ్ళయి ముప్పై ఏళ్ళు. జొన్నల బస్తా అందిస్తే చేతులు తగిలేవి, మోకు లాగితే తగిలేవి. ఇట్లా ఒక్క వేలిని పట్టుకోవడం ఇద్దరికీ కొత్తే. ఆ వేలిని సందులో పెట్టి పైనుంచి కిందికి నడిపించాడు. కింద ఇనుము అడ్డొస్తే ఎత్తి దాటించాడు. అవతలి కొడవలి వెంట పైకి తెచ్చాడు. అక్కడ మళ్ళీ దాటించి మొదటికి చేర్చాడు.

"ఎట్లున్నది?"

"గాజే. రెండుకాడ గడప దాటినట్టుంది." కళ్ళు తెరవకుండానే మళ్ళీ ఒకసారి తనంతట తాను తిరిగొచ్చింది. "ఇది సున్ననా?"

"సున్న."

"అయితే నాకొక అక్షరం వచ్చింది." కళ్ళు తెరిచింది. వేలు మాత్రం వెనక్కి తీసుకోలేదు. "నా పేరుల ఇది ఉన్నదా?"

ఆశన్న ఆమె పేరును లోపల్లోపల రాసి చూసుకున్నాడు. "లేదు."

"అయితే నా పేరు కోసుడు సులువే."

గేటు మూడు రోజుల్లో అయింది. నాగేశ్ వచ్చిన రోజునే ఎద్దులబండి మీద వేసుకుని ముగ్గురూ సారు గల్లీకి తీసుకుపోయారు. నాగేశ్ బిగించాడు. జమ్ములమ్మ అంచులన్నీ కొంగుతో మరొక్కసారి తుడిచింది. రూతమ్మ తన వాకిట్లో నిలబడి, "ఇగ మా ఇంటికి రాడా సారు? మంచి చుట్టం పోయిండు" అంది.

సారు కర్రను గోడకు ఆనించి, కుడిచెయ్యి ముందుకు చాచాడు. చెయ్యి రేకు మీద తడుముతూ పోయి మొదటి సందును పట్టుకుంది. అ. పెదవులు కదిలాయి. న. తర్వాత వేలు కొడవలిలో దిగింది. కింద ఆగింది. ఆశన్నకు చెవి తమ్మె తెలియకుండానే వేడెక్కింది. వేలు ఎగిరి అవతలికి దిగి, పైకి పోయి, మళ్ళీ ఆగి, మొదటికి చేరింది. సారు దాన్ని అక్కడితో వదల్లేదు. ఇంకో చుట్టు తిరిగాడు.

"ఏంరా, నడుమ రెండుకాడ ఆగినవు? దమ్ము తీసుకున్నవా?"

"ఆగకపోతే రాలిపోతది సార్. ఆ రెండూ పట్టుకుంటేనే కడుపు నిలుస్తది."

సారు బొటనవేలితో లోపలి బిళ్ళను నొక్కి చూశాడు. కదల్లేదు. "గట్టిగనే ఉన్నది" అన్నాడు. "ఎవరు చెప్పిండ్రురా నీకు ఈ ఉపాయం?"

"మా ఇంట్లామె చెప్పింది సార్."

"ఏం చదివింది?"

"ఏం చదువలే. అందుకే కనబడ్డది."

సారు మిగిలిన అక్షరాలు గబగబా చదివేసి, చెయ్యి పక్కకు చాచి గాలిలో వెతికాడు. ఆశన్న చెవి దొరికింది. పట్టుకున్నాడు కానీ మెలిపెట్టలేదు. "నలభై అయిదేండ్లు పట్టింది" అన్నాడు. ఆ తర్వాత కర్ర తీసుకుని, లోపలున్న కోడలికి వినబడేటట్టు, "చాయ్‌కు పోయొస్త" అని గల్లీ కొసకు బయలుదేరాడు. వాళ్ళు సామాను సర్దుకుని బండి తిప్పుకునేంతలో తిరిగొచ్చాడు. రూతమ్మ గేటు తడిమాడు, వదిలేశాడు. తన గేటు తడిమి, సున్న దగ్గర ఒక్క చుట్టు తిరిగి, లోపలికి పోయాడు.

ఇంటికొచ్చాక నాగేశ్ మిషను ఊసెత్తలేదు. పొద్దున బస్సుకు సంచిలో పల్లీలు పోయించుకుని, "కొత్త రాగి మూతులు పంపిస్త బావా" అని మాత్రం అని పోయాడు.

మరునాడు జమ్ములమ్మ గిన్నె తీసుకుని గాలిపెట్టె నీళ్ళు దింపడానికి వచ్చేసరికి, ఆశన్న ఒక రేకు ముక్క ముందు కూర్చుని సుద్దతో గీస్తూ, తుడుస్తూ, మళ్ళీ గీస్తున్నాడు.

"ఎవరి గేటు?"

"గేటు కాదు."

పెళ్ళయిన నాటి నుంచి ఆమె పేరు అతని నోట పలకలేదు. ఏమే అంటే ఆమె, ఏమయ్యా అంటే అతను, అంతే. రేకు మీద గీతల్ని చూసి, "ఏం రాసినవు?" అంది.

"నీకు గీతలు కనబడ్తయి గద. చూసి చెప్పు."

జమ్ములమ్మ పక్కన కూర్చుంది. చాలాసేపు చూసింది. "గాజైతే లేదు. కానీ ఇదొకటి నాలుగుసార్లున్నది. పెద్దయి రెండు, వాటి కింద చిన్నయి రెండు. నాలుగింటికీ చిన్న చిన్న కడుపులున్నయి."

"అదే పరేషాన్" అన్నాడు ఆశన్న. "సులువన్నవు గద. నాలుగు కడుపులు. నాలుగింటినీ పట్టుకోవాలె."

ఆమె ఒక్క క్షణం ఆ నాలుగింటినీ, ఆ తర్వాత అతన్నీ చూసింది. కొంగుతో ముఖం తుడుచుకుని, "పట్టుకో" అంది. గిన్నె పెట్టె కింద పెట్టి మర తిప్పింది. "జల్ది కానియ్యి. మోటర్లొస్తయి."

అతను నల్లద్దాలు దించుకుని, మీట మీద వేలు పెట్టాడు. అప్పుడే పొలాల వైపు నుంచి మోటర్ల రొద మొదలైంది. మిషను మీద ఎర్రదీపం వెలిగింది. ఇద్దరూ దాన్ని చూసి, అక్కడే కూర్చున్నారు.